న్యూ ఎంట్రెంట్ సేఫ్టీ ఆడిట్: చిన్న ట్రకింగ్ కంపెనీలు ఎక్కువగా ఎక్కడ దొరికిపోతున్నాయి?

మూడు_ట్రక్కులు

అందరికీ నమస్తే. అమెరికాలో ఇంటర్‌స్టేట్ లోడ్లు నడిపే చిన్న కంపెనీ మాది, అథారిటీ (రాష్ట్రాల మధ్య సరుకు నడిపే ఫెడరల్ అనుమతి) వచ్చి ఎనిమిది నెలలు. ట్రాక్టర్లు మూడు, ట్రెయిలర్లు నాలుగు, అందులో ఒకటి ఫ్లాట్‌బెడ్ (గోడలు, పైకప్పు లేనిది). డ్రైవర్లు నలుగురు. ఇద్దరు జీతం మీద, ఒకాయన సొంత ట్రాక్టర్ మాకు లీజుకిచ్చి 1099 మీద (జీతం ఉద్యోగిగా కాక కాంట్రాక్టర్‌గా) నడుపుతున్నారు, నాలుగోవాణ్ణి నేనే. ఎవరైనా సెలవు పెడితే బండెక్కుతాను. ఎఫ్ఎంసీఎస్ఏ (ట్రకింగ్ సేఫ్టీ చూసే ఫెడరల్ సంస్థ) నుంచి, కొత్త కంపెనీలకు చేసే న్యూ ఎంట్రెంట్ సేఫ్టీ ఆడిట్ లెటర్ వచ్చింది. ఆడిటర్ రారట, కాగితాలన్నీ అప్‌లోడ్ చేయమన్నారు.

మామూలుగా ఏయే వయొలేషన్లు పడతాయి, ముందు ఏది సర్దుకోవాలి? 1099 డ్రైవర్ డ్రగ్ టెస్టులు, ఫైలు ఆయనే చూసుకోవాలనుకుంటున్నా, కరెక్టేనా? మూడు బండ్లలోనూ ఈఎల్‌డీ (డ్రైవింగ్ టైమును రికార్డు చేసే పరికరం) ఉంది కాబట్టి అవర్స్ (డ్రైవర్ పనిగంటల పరిమితులు) గురించి పెద్దగా దిగుల్లేదు. రిపేర్లన్నీ బయటి షాపులోనే, బిల్లులు దాచాను.

ఫైల్_క్యాబినెట్

ముందు 1099 సంగతి. అది పన్నుల లెక్క. సేఫ్టీ రూల్స్‌లో దానికి విలువ లేదు. 49 సీఎఫ్ఆర్ (ఫెడరల్ రూల్స్ పుస్తకం, కింద చెప్పే సెక్షన్ నంబర్లన్నీ అందులోవే) 390.5లో "ఎంప్లాయీ" అంటే మీ అథారిటీ కింద బండి నడిపే ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ కూడా. కాబట్టి ఆయన క్వాలిఫికేషన్ ఫైలు, డ్రగ్ టెస్టు, లాగ్‌లు (రోజువారీ పనిగంటల రికార్డు), ట్రాక్టర్ మెయింటెనెన్స్ ఫైలు అన్నీ మీ దగ్గరే ఉండాలి. మీ ఫైలు కూడా అంతే. నెలకొక్క రోజు నడిపినా మీరు డ్రైవరే. ఓనర్ తన ఫైలు తనే పెట్టుకోకపోవడం చిన్న కంపెనీల్లో అందరూ చేసే తప్పు.

ఇక ఆడిట్. 385.321లో పదహారు అంశాలున్నాయి, వాటిలో ఒక్కటి దొరికినా నేరుగా ఫెయిల్. వేరే మార్కులేవీ చూడరు. మీలాంటి కంపెనీకి తగిలేవి ఇవి: డ్రగ్, ఆల్కహాల్ టెస్టింగ్ ప్రోగ్రామే లేకపోవడం, ర్యాండమ్ టెస్టింగ్ లేకపోవడం, సరైన సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) లేని డ్రైవర్ని లేదా మెడికల్‌గా అర్హత లేని డ్రైవర్ని నడపనివ్వడం, ఇన్సూరెన్స్ తక్కువగా ఉండటం, లాగ్‌లు రాయించకపోవడం, అవుట్ ఆఫ్ సర్వీస్ (ఇక నడపొద్దని ఇన్‌స్పెక్టర్ ఆదేశం) పెట్టిన బండిని రిపేర్ చేయకుండా తిప్పడం, యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ లేని బండి వాడటం. లాగ్‌లకూ యాన్యువల్‌కూ కాస్త వెసులుబాటు ఉంది, చూసిన రికార్డుల్లో 51 శాతం లేదా అంతకు మించి తప్పుంటేనే ఆటోమేటిక్ ఫెయిల్. మిగతావాటికి ఒక్కసారి చాలు.

ఎక్కువమంది బోల్తాపడేది డ్రగ్ టెస్టింగ్ దగ్గర. ప్రోగ్రామ్ లేదని కాదు, వరస తప్పుతుంది. ప్రీ ఎంప్లాయ్‌మెంట్ నెగటివ్ రిజల్టు చేతికి వచ్చాకే డ్రైవర్ మొదటిసారి స్టీరింగ్ పట్టాలి. శాంపిల్ ఇచ్చిన తేదీ లెక్కలోకి రాదు, రిజల్టు వచ్చిన తేదీయే లెక్క. ఆడిటర్ చేసేది చాలా సింపుల్. రిజల్టు తేదీ పక్కన ఆ డ్రైవర్ మొదటి లాగ్ తేదీ పెట్టి చూస్తారు. సోమవారం లోడ్, గురువారం రిజల్టు అని ఉంటే అక్కడే అయిపోయింది.

ఇంకో ఉచ్చు ఏంటంటే, క్లినిక్‌కి వెళ్ళి "డ్రగ్ టెస్ట్" అంటే వాళ్ళు నాన్ డీవోటీ టెస్ట్ (ఫెడరల్ రవాణా శాఖ రూల్ ప్రకారం కానిది) చేసి పంపేస్తారు. అది చెల్లదు. ఫెడరల్ కస్టడీ ఫారం (శాంపిల్‌తో పాటు వెళ్ళే కాగితం) మీదే జరగాలి, అందులో టెస్టింగ్ అథారిటీ దగ్గర ఎఫ్ఎంసీఎస్ఏ గడి టిక్ అయి ఉండాలి. ఇప్పుడే నలుగురి ఫారాలూ తీసి ఆ గడి చూడండి.

ర్యాండమ్ రేటు ఏడాదికి డ్రగ్స్‌కి 50 శాతం, ఆల్కహాల్‌కి 10 శాతం. 2020 జనవరి నుంచీ డ్రగ్స్‌కి 50 శాతమే నడుస్తోంది. నలుగురే కాబట్టి మీరు కన్సార్టియంలోనే (చాలా కంపెనీల డ్రైవర్లని ఒకే పూల్‌లో కలిపి టెస్టులు నడిపే సంస్థ) ఉండి ఉంటారు. రేటు పూల్ మొత్తానికి వర్తిస్తుంది, ఏడాదంతా మీవాళ్ళెవరూ సెలెక్ట్ కాకపోయినా తప్పు కాదు. కానీ సభ్యత్వ సర్టిఫికెట్, మూడేసి నెలలకోసారి వచ్చే సెలెక్షన్ లెటర్లు ఉండాలి. పూల్ లిస్టులో నలుగురి పేర్లూ ఉన్నాయా, మానేసినవాళ్ళ పేరు ఇంకా ఉందా అన్నది చూసుకోండి.

క్లియరింగ్‌హౌస్‌ని (డ్రైవర్ల డ్రగ్, ఆల్కహాల్ వయొలేషన్లుండే ఫెడరల్ డేటాబేస్) చాలామంది కన్సార్టియం చూసుకుంటుందిలే అని వదిలేస్తారు. అకౌంటు మీ పేరున ఉండాలి, క్వెరీ (అందులో డ్రైవర్ రికార్డు వెతకడం) ప్లాను మీరే కొనాలి, ఒక్కో క్వెరీ 1.25 డాలర్లు. కన్సార్టియంకి మీ తరఫున క్వెరీ చేసే అనుమతి ఇవ్వొచ్చు గానీ ప్లాను వాళ్ళు కొనలేరు. చేర్చుకునేటప్పుడు ఫుల్ క్వెరీ, దానికి డ్రైవర్ తన అకౌంటులోకి వెళ్ళి ఒప్పుకోవాలి. తర్వాత 12 నెలలకోసారి లిమిటెడ్ క్వెరీ, దానికి కాగితం మీద సంతకం చాలు. లిమిటెడ్‌లో "సమాచారం ఉంది" అని వస్తే 24 గంటల్లో ఫుల్ క్వెరీ చేయాలి. ఆలోపు చేయకపోతే, అది అయ్యి క్లియర్ అనేదాకా ఆ డ్రైవర్ బండి దిగి ఉండాలి. మీ మీద మీరూ క్వెరీ చేసుకోవాలి, నవ్వొచ్చినా సరే. 2024 నవంబర్ 18 నుంచి క్లియరింగ్‌హౌస్‌లో "ప్రొహిబిటెడ్" (నడపడం నిషేధం)లో ఉన్న డ్రైవర్ సీడీఎల్‌ని స్టేటే డౌన్‌గ్రేడ్ చేస్తోంది. అంటే డ్రగ్ కాలమ్‌లో మొదలైన తప్పు "సీడీఎల్ లేని డ్రైవర్" కాలమ్‌లోకి కూడా పాకుతుంది.

ఫైల్లో తరచూ లేని కాగితం ఇంకోటుంది. "గత రెండేళ్ళలో ఎక్కడైనా ప్రీ ఎంప్లాయ్‌మెంట్ టెస్టులో ఫెయిలయ్యారా, నిరాకరించారా" అని డ్రైవర్ని అడిగిన ఫారం. 40.25(జె) అడిగేది అదే. క్లియరింగ్‌హౌస్ వచ్చాక ఇది పోయిందని అనుకుంటున్నారు, పోలేదు.

లాగ్‌బుక్

"ఈఎల్‌డీ ఉంది కాబట్టి దిగుల్లేదు" అన్నారు చూశారా, దానికే నేను రాస్తున్నా. ఈఎల్‌డీ డ్రైవింగ్ టైమును మాత్రమే కొలుస్తుంది. మిగతా రోజంతా డ్రైవర్ నొక్కిన బటనే. తప్పులన్నీ అక్కడే ఉంటాయి.

రూల్ ఒకసారి. 10 గంటలు ఆఫ్ తర్వాత 11 గంటలు డ్రైవింగ్, అది కూడా 14 గంటల కిటికీలోనే. 8 గంటల డ్రైవింగ్ నిండేలోపు కనీసం 30 నిమిషాలు డ్రైవింగ్ ఆపి ఉండాలి. 8 రోజుల్లో 70 గంటలు, లేదా 7 రోజుల్లో 60. ఇందులో 14 గంటలదే ఎక్కువగా కొంప ముంచేది. ఉదయం 6కి మొదలుపెడితే రాత్రి 8 తర్వాత నడపకూడదు. మధ్యలో డాక్ దగ్గర మూడు గంటలు ఆఫ్ డ్యూటీ పెట్టినా గడియారం ఆగదు. దాన్ని ఆపాలంటే స్లీపర్ (క్యాబ్‌లోని పడక) స్ప్లిట్ ఒక్కటే దారి. స్లీపర్‌లో కనీసం 7 గంటలు, విడిగా ఇంకోటి కనీసం 2 గంటలు, రెండూ కలిపి 10. చాలామంది డ్రైవర్లు 7 గంటల ముక్క తీసుకుని రెండో ముక్క పూర్తి చేయరు. అప్పుడు జత కుదరదు, మొత్తం రోజు వయొలేషన్‌లోకి పోతుంది.

ఇక ఫాల్స్ లాగ్. ఆడిటర్ లాగ్‌ని ఒంటరిగా చదవరు, దాన్ని డీజిల్ రసీదు, టోల్ రికార్డు, బీవోఎల్ (సరుకు రవాణా పత్రం), స్కేల్ టికెట్ (బండి తూకం చీటీ), డిస్పాచ్ మెసేజ్‌లతో కలిపి చదువుతారు. రోజుకు ఎనిమిది దాకా ఇలాంటి సపోర్టింగ్ డాక్యుమెంట్లు మీరు ఆరు నెలలు దాచాలి, లాగ్‌లూ ఆరు నెలలే. లాగ్‌లో మధ్యాహ్నం 3:30 నుంచి 5 దాకా స్లీపర్ అని ఉండి, 4:10కి డీజిల్ కొట్టించిన రసీదు ఉందనుకోండి. ఒక్కడే డ్రైవర్. పైపు పట్టుకున్నదెవరు? 395.8(ఇ), ఫాల్స్. డ్రైవర్ మోసం చేయాలనుకోలేదు, ఫ్యూయలింగ్ ఆన్ డ్యూటీ అని అతనికి ఎవరూ చెప్పలేదు. ఫైన్ పడేటప్పుడు ఆ తేడా ఎవరూ చూడరు.

రెండోది ఓడోమీటర్ గ్యాప్. నిన్న రాత్రి లాగ్ 412,310 దగ్గర ముగిసి, ఈరోజు ఉదయం 412,388 దగ్గర మొదలైతే 78 మైళ్ళు ఎవరు నడిపారు? డివైస్ పీకి నడిపితే ఇలాగే ఉంటుంది. వారానికోసారి మూడు బండ్లవీ ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, పావుగంట పని.

మూడోది అన్‌ఐడెంటిఫైడ్ డ్రైవింగ్. షాపు మెకానిక్ టెస్ట్ డ్రైవ్ చేస్తే అది ఎవరి పేరూ లేకుండా సిస్టంలో కూర్చుంటుంది. మీరు దాన్ని డ్రైవర్‌కి కేటాయించాలి, లేదంటే "షాపులో టెస్ట్ డ్రైవ్" అని కారణం రాయాలి. వదిలేసిన ప్రతి ముక్కా అవర్స్ అయిపోయాక లాగౌట్ చేసి నడిపినట్టే కనిపిస్తుంది.

పర్సనల్ కన్వేయన్స్ (పీసీ, ఆఫ్ డ్యూటీలో సొంత అవసరానికి బండి నడపడం) గురించి అడిగేలోపే చెప్తున్నా. రిసీవర్ దగ్గర అవర్స్ అయిపోతే దగ్గర్లో ఆగడానికి వీలైన సురక్షితమైన చోటు దాకా పీసీలో వెళ్ళొచ్చు, లోడున్నా ఫర్వాలేదు. దారిలో పార్కింగ్ వదిలేసి రేపటి పికప్ వైపు 140 మైళ్ళు వెళ్తే అది పీసీ కాదు, డ్రైవింగే. ఫెడరల్ రూల్‌లో మైళ్ళ పరిమితి లేదు, అందుకే కంపెనీ రాతపూర్వకంగా ఒక పరిమితి పెట్టుకోవడం మంచిది. డ్రైవర్ ప్రతిసారీ కారణం నోట్ చేయాలి.

క్యాబ్‌లో ఉండాల్సినవి: ఈఎల్‌డీ యూజర్ మాన్యువల్, డేటా ట్రాన్స్‌ఫర్ చేసే పద్ధతి ఉన్న షీటు, పాడైతే ఏం చేయాలో చెప్పే షీటు, కనీసం 8 రోజులకు సరిపడా ఖాళీ లాగ్ గ్రిడ్‌లు. డివైస్ పాడైతే డ్రైవర్ 24 గంటల్లో మీకు రాతలో చెప్పాలి, ఆ రోజుతో పాటు వెనక 7 రోజుల లాగ్‌లు కాగితం మీద తయారుచేయాలి, మీరు 8 రోజుల్లో బాగుచేయించాలి. మీ ఈఎల్‌డీ మోడల్ ఎఫ్ఎంసీఎస్ఏ రిజిస్టర్డ్ లిస్టులో ఇంకా ఉందో లేదో నెలకోసారి చూడండి. రివోక్ చేసిన వాటి లిస్టు వేరేగా ఉంటుంది. చవకగా దొరికిన డివైసులే అందులోకి ఎక్కువ చేరుతుంటాయి, నా అభిప్రాయం అంతే.

మూడు_ట్రక్కులు

1099 విషయంలో తప్పుగా అనుకున్నానన్నమాట. ఆయన ఫారం తీసి చూశాను, ఎఫ్ఎంసీఎస్ఏ గడి టిక్ అయ్యే ఉంది, బతికిపోయా. కానీ ఇద్దరి ఫైళ్ళలో పాత ఎంప్లాయర్లకు రాసిన ఎంక్వైరీలు (డ్రైవర్ సేఫ్టీ చరిత్ర అడిగే ఉత్తరాలు) లేవు. ఇప్పుడు పంపి చేరిన నాటి తేదీ వేయొచ్చా? రెండోది, షాపు బిల్లులు మెయింటెనెన్స్ ఫైలుగా సరిపోతాయా?

స్లాక్_అడ్జస్టర్

బిల్లుల కట్ట ఫైలు కాదండి. 396.3 ప్రకారం ప్రతి బండికీ, ట్రెయిలర్‌కి కూడా విడివిడిగా ఉండాలి. మీరు 30 రోజులు లేదా అంతకంటే ఎక్కువ వాడే ప్రతి యూనిట్‌కీ ఇదే రూలు, లీజు ట్రాక్టర్ అందులోకే వస్తుంది. మొదటి పేజీలో కంపెనీ నంబరు, మేక్, సీరియల్ నంబర్, ఏ సంవత్సరం, టైర్ సైజు. తర్వాత రాబోయే ఇన్‌స్పెక్షన్, సర్వీసు ఏవి, ఎప్పుడు చేయాలన్న షెడ్యూలు. ఆ తర్వాత జరిగినవాటి రికార్డు. బిల్లులు మూడోదానికి పనికొస్తాయి. రెండోదే ఎవరి దగ్గరా ఉండదు. "25,000 మైళ్ళకు ఆయిల్, గ్రీజు, బ్రేక్ చెక్" అని ఒక్క లైనున్నా షెడ్యూలే, కానీ రాశాక పాటించాలి. రాసి పాటించకపోతే రాయకపోవడం కంటే ఎక్కువ దెబ్బ తింటారు.

యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ ట్రాక్టర్‌కీ ట్రెయిలర్‌కీ వేరువేరు, 12 నెలలకోసారి. రిపోర్టు 14 నెలలు దాచాలి. చేసినవాడి అర్హత కాగితం కూడా మీ ఫైల్లో ఉండాలి, షాపు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. మీ నాలుగో ట్రెయిలర్ మూడు ట్రాక్టర్లకీ అదనం కదా, యార్డులో నిలబడి ఉంటుంది, దాని తేదీ ఎవరికీ గుర్తుండదు. సెకండ్ హ్యాండ్ అయితే పాత ఓనర్ స్టిక్కర్ మీదే నడుస్తుంటుంది.

డీవీఐఆర్ (డ్రైవర్ రోజు చివర రాసే బండి తనిఖీ రిపోర్టు) గురించి పాత సమాచారం ఇంకా తిరుగుతోంది. సరుకు బండ్లకి 2014 డిసెంబర్ నుంచి లోపం కనిపిస్తేనే రాయాలి, లేకపోతే అక్కర్లేదు. యాప్ అడుగుతుందని రోజూ "ఓకే" నొక్కుతూ పోతారు, అందులో తప్పులేదు. అసలు ప్రమాదం లోపం రాసిన రోజున ఉంది. "ఎడమ వెనక బ్రేక్ లైటు వెలగట్లేదు" అని డ్రైవర్ రాశాడు. షాపు బల్బు మార్చింది. కానీ రిపేర్ అయింది అని ఎవరూ సంతకం చేయలేదు, తర్వాతి డ్రైవర్ చూశానని సంతకం పెట్టలేదు. కాగితం ప్రకారం ఆ లైటు ఇప్పటికీ వెలగట్లేదు, బండి మాత్రం రోజూ తిరుగుతోంది. మూడు నెలలు దాచాలి కాబట్టి ఆ మూడు నెలలవీ తీసి మూసేయండి.

రోడ్డు మీద పడేవాటిలో బ్రేకులు, టైర్లు, లైట్లు. లైట్ల సంగతి బయల్దేరేముందు నాలుగు నిమిషాలు బండి చుట్టూ తిరిగితే తేలిపోతుంది. టైర్లకి ముందు యాక్సిల్ మీద 4/32 అంగుళం, మిగతావాటికి 2/32. ట్రెయిలర్ ఎడమ వెనకవైపు పసుపు ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే బ్రేక్ సిస్టం) లైటు చూడండి. కరెంటు ఇవ్వగానే వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పోయిందని ఊరుకోవద్దు, 1998 మార్చి తర్వాత తయారైన ఎయిర్ బ్రేక్ ట్రెయిలర్‌కి అది వయొలేషనే.

బ్రేకులది మాత్రం చేత్తో కొలవాల్సిందే. చక్రాలకి చాక్ పెట్టి, పార్కింగ్ బ్రేక్ వదిలి, ట్యాంకులో గాలి 90 నుంచి 100 పీఎస్ఐ మధ్యకి తెచ్చి ఇంజిన్ ఆపండి. పుష్‌రాడ్ (గాలి ఒత్తిడికి బ్రేకును నెట్టే కడ్డీ) బ్రేక్ ఛాంబర్‌లోంచి బయటికొచ్చే చోట సుద్దముక్కతో గీత పెట్టండి. లోపల ఒకరు బ్రేక్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. గీత ఛాంబర్ ముఖం నుంచి ఎంత దూరం జరిగిందో కొలవండి. టైప్ 30 మామూలు ఛాంబర్ అయితే పరిమితి 2 అంగుళాలు, లాంగ్ స్ట్రోక్ అయితే రెండున్నర. లాంగ్ స్ట్రోక్‌ని గాలి పైపు తగిలే పోర్టు చతురస్రంగా ఉండటాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు. ఒకే యాక్సిల్ మీద ఒకవైపు మామూలుది, రెండోవైపు లాంగ్ స్ట్రోక్ బిగించిన బండ్లున్నాయి, అలా ఉండకూడదు.

ఐదు యాక్సిళ్ళ కాంబినేషన్‌లో బ్రేకులు పది. 20 శాతం బ్రేకుల్లో లోపముంటే అవుట్ ఆఫ్ సర్వీస్, అంటే రెండు చాలు. ఇంకోమాట. ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్ (బ్రేక్ అరిగేకొద్దీ స్ట్రోక్‌ని సర్దే భాగం) పరిమితి దాటితే రెంచి పెట్టి తిప్పేసి పంపేస్తారు. అది రెండు వారాల్లో మళ్ళీ అక్కడికే వస్తుంది. ఆటోమేటిక్‌గా సర్దుకోవాల్సింది సర్దుకోలేదంటే క్లెవిస్ పిన్ అరిగిందో, ఎస్ క్యామ్ బుషింగ్ పోయిందో, అసలు అడ్జస్టర్ తప్పుగా బిగించారో చూడాలి. అస్తమానం చేత్తో తిప్పితే దాని లోపలి క్లచ్ కూడా పాడవుతుంది.

రోడ్‌సైడ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు డ్రైవర్ మీకు 24 గంటల్లో ఇవ్వాలి, మీరు సరిచేసి సంతకం పెట్టి 15 రోజుల్లో ఆ స్టేట్‌కి తిప్పి పంపాలి, కాపీ 12 నెలలు ఉంచాలి. బండి బాగుచేసి కాగితం పంపనివాళ్ళే ఎక్కువ.

ఫ్లాట్‌బెడ్_పట్టీలు

ఫ్లాట్‌బెడ్ ఉంది కాబట్టి సరుకుకి ఎన్ని పట్టీలు కట్టాలో చెప్తా. రెండు లెక్కలుంటాయి, ఏది ఎక్కువైతే అన్ని పట్టీలు. 40 అడుగుల పొడవు, 42,000 పౌండ్ల సరుకు, ముందు అడ్డు లేదనుకుందాం. పొడవు లెక్కన మొదటి 10 అడుగులకి రెండు, మిగతా 30కి మూడు, మొత్తం ఐదు. బరువు లెక్కన పట్టీల వర్కింగ్ లోడ్ లిమిట్ (ట్యాగ్ మీద రాసుండే సురక్షిత భారం) మొత్తం సరుకులో సగం ఉండాలి, అంటే 21,000. 5,400 పౌండ్ల పట్టీలు నాలుగు వేస్తే 21,600, సరిపోయింది. రెంటిలో పెద్దది ఐదు, కాబట్టి ఐదు వేయాలి. అయితే ఒకవైపు నుంచి సరుకు మీదుగా అవతలివైపుకి వెళ్ళే పట్టీకే పూర్తి విలువ. బండి నుంచి సరుకుకే కట్టినదానికి సగం. ట్యాగ్ చిరిగి లిమిట్ కనిపించకపోతే ఆ పట్టీ మీద ఇన్‌స్పెక్టర్‌తో వాదించలేరు.

బయల్దేరాక మొదటి 50 మైళ్ళలోపు ఒకసారి, తర్వాత డ్యూటీ మారినప్పుడో, 3 గంటలకో, 150 మైళ్ళకో, ఏది ముందైతే అప్పుడు చూడాలి. వాన పడ్డాక పట్టీలు వదులవుతాయి, అందరికీ తెలిసిందే.

అలాగే ఫైల్లో ఏటా డ్రైవర్ సంతకంతో ట్రాఫిక్ వయొలేషన్ల లిస్టు కూడా పెట్టుకోండి, అది అడుగుతారు.

ఫైల్_క్యాబినెట్

@ఫ్లాట్‌బెడ్_పట్టీలు, ఆ లిస్టు 2022 మే నుంచి అక్కర్లేదు, 391.27 తీసేశారు. ఏటా ఎంవీఆర్ (స్టేట్ ఇచ్చే డ్రైవింగ్ రికార్డు) తెప్పించి చూశానని తేదీతో నోట్ పెట్టడం మాత్రం ఉంది.

@మూడు_ట్రక్కులు, పాత తేదీ వేయొద్దు. ఇది ఒక్కటి గట్టిగా చెప్తున్నా. ఎంక్వైరీ లేకపోవడం చిన్న తప్పు, తేదీ మార్చడం 390.35 కింద ఫ్రాడ్. పైగా ఇట్టే దొరుకుతుంది. ఫ్యాక్స్ హెడర్‌లో, ఈమెయిల్‌లో, పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో అసలు తేదీ ఉంటుంది. ఈరోజు తేదీతోనే పంపండి. "చేరిన 30 రోజుల్లో చేయాల్సింది చేయలేదు, ఫలానా తేదీన గుర్తించి పంపాం, ఇకపై ఇలా చూసుకుంటాం" అని ఒక పేజీ రాసి ఫైల్లో పెట్టండి. పాత ఎంప్లాయర్ జవాబివ్వకపోతే మీరు ఎన్నిసార్లు ఎప్పుడు ప్రయత్నించారో రాసుకోండి, దాన్ని ఒప్పుకుంటారు.

ఫైల్లో ఉండాల్సినవి: అప్లికేషన్ (సీడీఎల్ డ్రైవర్‌కి మూడేళ్ళ ఉద్యోగ చరిత్ర, దానికి ముందు ఏడేళ్ళలో కమర్షియల్ బండి నడిపిన ఉద్యోగాలు, మధ్యలో ఖాళీలుంటే వివరణ), గత మూడేళ్ళలో లైసెన్స్ ఉన్న ప్రతి స్టేట్ నుంచీ ఎంవీఆర్, రోడ్ టెస్ట్ సర్టిఫికెట్ లేదా దాని బదులు సీడీఎల్ కాపీ, మెడికల్ స్టేటస్. మెడికల్‌కి సీడీఎల్ డ్రైవర్ విషయంలో ఎంవీఆర్‌లో ఏముందో అదే లెక్క. డ్రైవర్ జేబులో కార్డుండి ఎంవీఆర్‌లో "నాట్ సర్టిఫైడ్" అని ఉంటే అతను నడపకూడదు. నలుగురి ఎంవీఆర్‌లూ అప్‌లోడ్‌కి ముందురోజు మళ్ళీ తెప్పించండి.

ఇంగ్లిష్ విషయం కూడా. 391.11(బి)(2) పాతదే, కానీ 2025 జూన్ 25 నుంచి రోడ్‌సైడ్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడలేకపోతే, రోడ్డు బోర్డులు చదవలేకపోతే డ్రైవర్ని అవుట్ ఆఫ్ సర్వీస్ పెడుతున్నారు. చేర్చుకునేటప్పుడే ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ చేసి నోట్ పెట్టుకోండి.

ఆఫీసు కాగితాల్లో చిన్నవే గానీ మరిచిపోయేవి కొన్ని. ఎంసీఎస్ 150 (కంపెనీ వివరాల ఫారం) రెండేళ్ళకోసారి అప్‌డేట్ చేయాలి. డీవోటీ నంబర్ చివరి అంకె నెల చెప్తుంది (1 జనవరి, 9 సెప్టెంబర్, 0 అక్టోబర్), దాని ముందు అంకె బేసి అయితే బేసి సంవత్సరం, సరి అయితే సరి సంవత్సరం. 47తో ముగిసే నంబర్‌కి సరి సంవత్సరాల్లో జులై. మైళ్ళు పాతవే వదిలేస్తే అన్‌సేఫ్ డ్రైవింగ్, క్రాష్ స్కోర్లు ఉన్నదానికంటే ఘోరంగా కనిపించొచ్చు. తలుపు మీద పేరు ఎంసీఎస్ 150లో ఉన్న పేరే అయ్యుండాలి, 50 అడుగుల నుంచి చదవగలగాలి. లీజు ట్రాక్టర్ తలుపు మీద కూడా మీ పేరే. మామూలు సరుకుకి ఇన్సూరెన్స్ కనీసం 750,000 డాలర్లు, ఎంసీఎస్ 90 ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే ఫారం) ఆఫీసులో ఉండాలి. యాక్సిడెంట్ రిజిస్టర్ మూడేళ్ళది పెట్టండి. ఒక్క యాక్సిడెంట్ కూడా లేకపోతే "ఏమీ లేవు" అని రాసిన కాగితం అప్‌లోడ్ చేయండి. ఖాళీగా వదిలితే రిజిస్టర్ లేదనే అనుకుంటారు.

ఆటోమేటిక్ ఫెయిల్ అయినా వెంటనే నంబర్ పోదు. లెటర్ వచ్చాక సరిచేసుకోడానికి 60 రోజులు, ఆలోపు కరెక్టివ్ యాక్షన్ ప్లాన్ ఆమోదం పొందాలి. చివరి వారం దాకా ఆగితే వాళ్ళు తిప్పి పంపినప్పుడు మళ్ళీ రాసే టైముండదు.

లాగ్‌బుక్

ఒక చిన్న చేర్పు. రోడ్‌సైడ్‌లో టికెట్ రాయకుండా వార్నింగ్ ఇచ్చినా అది సీఎస్ఏ (కంపెనీల సేఫ్టీని కొలిచే ఎఫ్ఎంసీఎస్ఏ పద్ధతి) స్కోర్‌లో పడుతుంది. 24 నెలలు ఉంటుంది, మొదటి ఆరు నెలలు మూడింతల బరువుతో. టికెట్‌ని కోర్టు కొట్టేస్తే ఆ ఆర్డర్‌తో డేటాక్యూస్‌లో (రికార్డు సరిచేయమని అడిగే ఎఫ్ఎంసీఎస్ఏ సైట్) పెట్టండి, తీసేస్తారు. కోర్టులో గెలిచి డేటాక్యూస్‌లో పెట్టడం మరిచిపోయేవాళ్ళు బోలెడు.

మూడు_ట్రక్కులు

అందరికీ థాంక్స్ అండీ. @స్లాక్_అడ్జస్టర్ మీరన్నట్టే నాలుగో ట్రెయిలర్ మీద పాత ఓనర్ స్టిక్కరే ఉంది, 13 నెలలైంది. రేపు ఖాళీగా షాపుకి లాక్కెళ్తా.

స్లాక్_అడ్జస్టర్

ఖాళీగా లాగినా రోడ్డెక్కితే వాడినట్టేనండి. మొబైల్ ఇన్‌స్పెక్టర్‌ని యార్డుకే పిలిపించండి, యాన్యువల్ షాపులోనే జరగాలని రూలేం లేదు. రిపోర్టుతో పాటు అతని అర్హత కాగితం అడగడం మరిచిపోకండి. మిగతా మూడు ట్రెయిలర్ల స్టిక్కర్ల మీద నెల, సంవత్సరం కూడా వెళ్ళి కళ్ళతో చూడండి, ఎక్సెల్‌లో ఉన్నది నమ్మొద్దు.